కాలేజీ పేరు అడగని దారి

నరసరావుపేటలోనో జగిత్యాలలోనో బీకామ్ చేస్తే కన్సల్టింగ్ కంపెనీలు క్యాంపస్‌కి రావు, ఎంత మొత్తుకున్నా రావు, అందుకే కాలేజీ పేరు పెద్దగా పట్టించుకోని దారి చూసుకోవాలి, నన్నడిగితే అది సీఏనే. బీకామ్‌లో 55 శాతం ఉంటే సీఏలో మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయకుండా డైరెక్ట్‌గా దాని రెండో మెట్టు సీఏ ఇంటర్‌కి వెళ్లొచ్చు, 2023లో ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర చేసే ట్రైనింగ్ కూడా మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గించారు, ఆ రెండేళ్లు ఊళ్లో తెలిసిన ఆడిటర్ దగ్గర జీఎస్టీ రిటర్న్‌లు వేస్తూ కూర్చోకుండా హైదరాబాద్‌లో పెద్ద ఫర్మ్ పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. స్టైపెండ్ హాస్టల్‌కే చాలదు, అది వేరే ఏడుపు. సీఎఫ్ఏ అని ఇన్వెస్ట్‌మెంట్ రంగంలో ఇంకో కోర్సు ఉంది, దాని ఫీజు డాలర్లలో కట్టాలి, కాబట్టి ఉద్యోగం వచ్చాక రాసుకోండి. లింక్డిన్‌లో మాత్రం "సార్ జాబ్ ప్లీజ్" అని పెట్టకండి బాబూ, చదివిన ఒక యాన్యువల్ రిపోర్ట్ గురించి రెండు ముక్కలు రాయండి, కొందరైనా రిప్లై ఇస్తారు.