"ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్" అని రాసే ముందు

ఆఫీసు మెయిళ్ళలో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, బ్యాంకు మేనేజరుకు ఇచ్చే ఉత్తరాల్లో, కలెక్టరాఫీసులో పెట్టుకునే అర్జీల్లో, ఎక్కడ చూసినా ఆఖరి వాక్యంగా ఒకటే మాట కనిపిస్తుంది: ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్, అంటే దయచేసి అవసరమైనది చెయ్యండి అని. ఇంకొంచెం మర్యాద కావాలనుకుంటే ప్లీజ్ తీసేసి కైండ్లీ పెడతారు. దీని విషయంలో మనవాళ్ళు రెండు జట్లు. చెయ్యి తిరిగిన అలవాటుకొద్దీ రాసేసేవాళ్ళు ఒక జట్టు, అది తప్పు ఇంగ్లీషు అని నవ్వేవాళ్ళు ఇంకో జట్టు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

ముందు నవ్వేవాళ్ళ సంగతి. ఇది మనం పుట్టించిన మాట కాదు, వచ్చీరాని ఇంగ్లీషూ కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో చదువుకున్నవాళ్ళు ఉత్తరాల్లో మామూలుగా రాసుకున్న మాట. అసలు "ది నీడ్‌ఫుల్" అంటే వాళ్ళ వాడుకలో డబ్బు అనే అర్థం కూడా ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగం దాకా బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చెల్లుబాటయింది, ఆ తర్వాత అక్కడ పాతబడిపోయింది. ఇక్కడ మాత్రం నిలబడింది. కాబట్టి హైదరాబాద్ నుంచి వచ్చిన మెయిల్ చూసి ఎవరైనా ముసిముసిగా నవ్వుతుంటే, వాళ్ళ ముత్తాత రాసిన ఉత్తరాల్లోనూ ఇదే ఉండి ఉండొచ్చని చెప్పండి. మన ఇంగ్లీషు మనది. ప్రీపోన్ అనే మాట చూడండి, పరీక్ష ముందుకు జరిగిందని ఒక్క ముక్కలో చెప్పడానికి అంతకంటే మంచి మాట ఇంకెక్కడుంది, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు కూడా దాన్ని చేర్చుకున్నారు. మన మాటలకు సిగ్గుపడాల్సిన పని లేదు.

మరి అక్కడ పోయింది ఇక్కడెందుకు ఉండిపోయింది? ఆఫీసులో కొత్తగా చేరినవాడికి పాత ఫైలే గురువు. పాత ఉత్తరం ముందు పెట్టుకుని పేరూ తేదీ మార్చి కొత్తది రాస్తాడు, అందులో ఉన్న ముగింపు ఇందులోకీ వస్తుంది. టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి లోయరూ హయ్యరూ పాసైన తరం వాళ్ళకైతే ఆ వాక్యాలు వేళ్ళకే వచ్చేశాయి. బళ్ళో నేర్పిన లీవ్ లెటర్ కూడా అంతేగా, జ్వరం మనదైనా వాక్యం మాత్రం అందరిదీ.

కానీ నకలు కొట్టడం ఒక్కటే కారణమైతే ఇన్నాళ్ళు నిలిచేది కాదు. ఈ మాట మన మర్యాదకు సరిగ్గా అతికింది. పెద్దవాళ్ళ దగ్గరికి పని మీద వెళ్ళినప్పుడు "ఇది చెయ్యండి" అని మొహం మీద చెప్పడం మనకు నోరు రాదు. "మీకు తెలియనిదేముంది", "మీకు చెప్పేంతటివాళ్ళమా", "మీరే ఏదో ఒక దారి చూపించాలి" అంటాం. కష్టం చెప్పుకోవడం మన వంతు, ఏం చెయ్యాలో తేల్చడం వాళ్ళ వంతు. ఆ వినయమంతా ఇంగ్లీషులో రెండు మూడు మాటల్లోకి కుదించి ఇచ్చింది డూ ది నీడ్‌ఫుల్. తెలుగు అర్జీల్లో కూడా దీనికి తోబుట్టువు ఉంది: "తమరు దయతో విచారించి తగు చర్య తీసుకోగలరని ప్రార్థన." ఏ మండలాఫీసుకు వెళ్ళి అర్జీల కట్ట విప్పినా సగం కాయితాలు ఈ వాక్యంతోనే ముగుస్తాయి. నిజం చెప్పాలంటే వినడానికి బాగుంటుంది కూడా.

ఇక రాసేవాళ్ళతో నా పేచీ. ఈ వాక్యంలో ఏం చెయ్యాలో లేదు, ఎవరు చెయ్యాలో లేదు, ఎప్పటిలోగా చెయ్యాలో లేదు. ఆ మూడూ అవతలి మనిషికి ముందే తెలిస్తే ఇబ్బందేమీ లేదు. ప్రతి నెలా అటెండెన్స్ షీట్ జత చేసి జీతాలు చూసే అమ్మాయికి "డూ ది నీడ్‌ఫుల్" అని పంపితే ఆ అమ్మాయికి అర్థమవుతుంది, నెలనెలా చేసే పనే. అక్కడ వివరంగా రాస్తే "నాకు తెలీదా?" అని నొచ్చుకున్నా నొచ్చుకుంటుంది. తెలియని మనిషికి, తెలియని పని మీద రాసేటప్పుడే ఇది మన కొంప ముంచుతుంది.

సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఉన్నవాళ్ళకు ఇది రోజూ అనుభవమే. సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు టికెట్, అంటే సమస్య చెప్పుకునే నోటు, రాస్తారు: ఫలానా యూజర్‌కి లాగిన్ అవ్వట్లేదు, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్. డాలస్‌లో ఉన్నవాడు పొద్దున్నే లేచి చూస్తాడు. పాస్‌వర్డ్ మార్చాలా, లాక్ అయిన అకౌంట్ తెరవాలా, లేక ఈ మనిషికి అసలు యాక్సెస్సే ఇవ్వలేదా, అప్పుడైతే మేనేజర్ అప్రూవల్ ఏది? ఇవన్నీ అడుగుతూ ఒక జవాబు పెడతాడు. అది వచ్చేసరికి మనం నిద్రలో ఉంటాం. మర్నాడు పొద్దున చూసి "పాస్‌వర్డ్ రీసెట్ కావాలి" అని రాస్తాం, అది వాళ్ళకు చేరేసరికి అక్కడ రాత్రి. రెండు నిమిషాల పనికి రెండు రోజులు, మధ్యలో "జెంటిల్ రిమైండర్" ఒకటి, టెన్షన్ ఒకటి. పాస్‌వర్డ్ రీసెట్ చెయ్యండి అనే ముక్క మొదటి రోజే రాసుంటే ఈ గొడవంతా లేదు. అమెరికన్లకు ఆ మాట అర్థం కాదని కాదు నా బాధ. అర్థమైనా చెయ్యడానికి అందులో ఏమీ లేదు.

అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఇంకో రకం. "లిఫ్ట్ మళ్ళీ ఆగిపోయింది, ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్" అని ఒకరు పెడతారు. ఎవరికి పెట్టారు? సెక్రటరీకా, వాచ్‌మన్‌కా, లిఫ్ట్ కంపెనీకి ఫోన్ చేసేవాళ్ళెవరికైనానా? అందరూ చూస్తారు, ఇద్దరు బొటనవేలు గుర్తు పెడతారు, ఎవరో ఒకరు చేసి ఉంటార్లే అని అందరూ ఊరుకుంటారు. నాలుగో అంతస్తులో ఉండే పెద్దావిడ మెట్లెక్కుతూ ఉంటుంది.

అయితే వీటన్నిటికంటే నాకు బాధ కలిగేది అర్జీల విషయంలోనే. మా బాబాయి రెవెన్యూలో చాలాకాలం చేసి రిటైరయ్యారు. ఒకసారి ఈ మాటే కదిపితే ఆయన అన్నది ఇది: "తగు చర్య అని రాసినవాళ్ళకు తగు చర్యే దొరుకుతుందమ్మా. తహసీల్దారు గారు దాని మీద తగు చర్య నిమిత్తం అని ఆర్‌ఐకి (రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకి) రాస్తారు, ఆర్‌ఐ అదే ముక్క వీఆర్వోకి (గ్రామ రెవెన్యూ అధికారికి) రాస్తాడు. కాయితం కదిలింది కాబట్టి రికార్డు ప్రకారం ముగ్గురూ చర్య తీసుకున్నట్టే. ఇందులో ఎవరినని తప్పుపడతావ్?" ఆయన ఎవరినీ వెనకేసుకురావడం లేదు, అక్కడ కాయితం ఎలా నడుస్తుందో చెబుతున్నారు. అర్జీలో ఇదీ కావలసింది అని లేకపోతే, ఇదీ చెయ్యలేదు అని తర్వాత అడగడానికీ ఉండదు.

ఒక మచ్చు చూపిస్తాను, మామూలుగా జరిగే వ్యవహారమే. ఒక రైతు పొలం దస్తావేజులో 1.20 ఎకరాలు, అంటే ఎకరం ఇరవై సెంట్లు. అడంగల్‌లో, అంటే ఊరి పొలాల వివరాలుండే రెవెన్యూ రికార్డులో, ఎక్కించేటప్పుడు అంకెలు తారుమారై 1.02 అని పడింది. పద్దెనిమిది సెంట్లు కాయితం మీద మాయం. ఆయన రాయించుకొచ్చే అర్జీ ఇలా ఉంటుంది: "నా యొక్క భూమి రికార్డుల నందు తప్పుగా నమోదైనది. ఈ విషయమై పలుమార్లు కార్యాలయం చుట్టూ తిరిగిననూ ఫలితము లేదు. కావున తమరు దయతో విచారించి తగు చర్య తీసుకొని న్యాయం చేయగలరని ప్రార్థన." చదివితే జాలి కలుగుతుంది గాని ఏ సర్వే నంబరో, ఏం తప్పు పడిందో, ఏం సరిచెయ్యాలో అందులో ఒక్క ముక్క లేదు.

అదే అర్జీ ఇలా రాసి చూడండి. (ఇందులో 1-బి అంటే ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే హక్కుల రికార్డు, ఈసీ అంటే పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్.) "అంశం: సర్వే నంబరు 142/2, అడంగల్‌లో విస్తీర్ణం 1.02 నుంచి 1.20కి సవరణ గురించి. నా కొనుగోలు దస్తావేజు ప్రకారం విస్తీర్ణం ఎకరం 20 సెంట్లు. అడంగల్‌లోనూ 1-బిలోనూ ఎకరం 2 సెంట్లుగా ఎక్కింది. దస్తావేజు నకలు, ఈసీ, పాత పాసుపుస్తకం నకలు జత చేశాను. వీటిని చూసి 1.20గా సవరించగలరు. కొలవడం అవసరమైతే మండల సర్వేయరు ఏ తేదీన వస్తారో నాకు ముందుగా తెలియజేయగలరు. సవరించడం వీలు కాని పక్షంలో కారణం రాతపూర్వకంగా ఇవ్వగలరు." గలరు అనే మర్యాద ఎక్కడికీ పోలేదు చూడండి. గట్టిగా అడిగితే పొగరనుకుంటారేమో అని చాలామంది వెనకాడతారు, అక్కర్లేదు. పని తేలిక చేసిపెట్టిన కాయితం అంటే ఏ గుమస్తాకైనా ఇష్టమే.

కారణం రాసివ్వమనే ఆ ఆఖరి వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది గాని అసలు బలం అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1971 నాటి భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద తహసీల్దారు ఇచ్చిన ఉత్తర్వు నచ్చకపోతే పై అధికారి అయిన ఆర్డీవో (రెవెన్యూ డివిజనల్ అధికారి) దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు వెళ్ళాలంటే ముందు ఒక ఉత్తర్వు చేతిలో ఉండాలి కదా. "చూస్తాం", "పంపించాం", "వచ్చే వారం రండి", వీటి మీద అప్పీలు ఉండదు. కారణం రాసివ్వమని అడిగితే ఆ కాయితమే పై మెట్టుకు దారి.

సమాచార హక్కు చట్టం దగ్గర కూడా మనవాళ్ళు ఇలాగే దెబ్బతింటున్నారు. 2005లో వచ్చిన ఆ చట్టం కింద 30 రోజుల్లోగా జవాబివ్వాలని అందరికీ తెలుసు. తెలిసి, దరఖాస్తులో "మా వీధిలో డ్రైనేజీ పొంగుతోంది, తగు చర్య తీసుకోండి" అని రాస్తారు. ఆ చట్టం సమాచారం ఇప్పించేది, పని చేయించేది కాదు. ఇది ఫిర్యాదు, సమాచారం కోరలేదు అని తిప్పి పంపేస్తారు, చట్టప్రకారం వాళ్ళది తప్పని అనలేం. మరెలా అడగాలి? "ఫలానా తేదీన ఫలానా నంబరుతో నేనిచ్చిన ఫిర్యాదు మీద ఏ తేదీన, ఏ అధికారి, ఏం చేశారు? ఆ ఫైలులోని నోట్‌ఫైల్ పేజీల నకళ్ళు ఇవ్వండి." నోట్‌ఫైల్ అంటే అధికారులు ఫైలు మీద తమ అభిప్రాయాలూ ఆదేశాలూ రాసే పేజీలు. ఇది రికార్డులో ఉండే సమాచారం, ఇవ్వక తప్పదు. నోట్‌ఫైల్‌లో ఏమీ రాసి లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేదని ఆ ఖాళీ పేజీయే చెబుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పేదేమిటంటే, చాలాసార్లు ఈ దరఖాస్తు చేరిన వారంలోనే ఆగిన పని కదులుతుందట. నాకు ఆశ్చర్యం లేదు.

మొదటిసారి అర్జీ రాసుకునేవాళ్ళకు ఇవన్నీ తెలియాలని నేను అనడం లేదు. ఆఫీసు బయట చెట్టుకింద కూర్చుని రాసిపెట్టేవాళ్ళు, ఊళ్ళో చదువుకున్న పిల్లలు, గ్రామ సచివాలయంలో టైపు చేసి ఇచ్చేవాళ్ళు, వీళ్ళకు తెలిస్తే చాలు. ఒక్క ప్రశ్న అడగండి ఎదురుగా ఉన్న పెద్దమనిషిని: "ఇంతకీ వాళ్ళు ఏం చేస్తే మీ పని అయినట్టు పెద్దయ్యా?" ఆయన తడుముకోకుండా చెబుతాడు. "నా పద్దెనిమిది సెంట్లు మళ్ళీ నా పేరున రాయాల." అంతే. దాన్నే అంశం అని ఉన్నచోట రాయండి, ఎందుకంటే అందరూ చదివేది ఆ వరుసే, సంతకం పెట్టే అధికారి కొన్నిసార్లు అదొక్కటే చదువుతారు.

మెయిళ్ళకూ ఇదే పద్ధతి పనికొస్తుంది. సబ్జెక్టులో "రిక్వెస్ట్" అని ఊరుకోకుండా "శుక్రవారంలోగా పాస్‌వర్డ్ రీసెట్ కావాలి" అని పెట్టండి. కింద కావాలంటే డూ ది నీడ్‌ఫుల్ అని కూడా రాసుకోండి, పైన అడగాల్సింది అడిగేశాక అది ఎవరికీ అడ్డం రాదు.

అర్జీ విషయంలో ఇంకొక్కటి. ప్రజల అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని ఆంధ్రలో పీజీఆర్‌ఎస్ అన్నా తెలంగాణలో ప్రజావాణి అన్నా సోమవారం నాడు కలెక్టరేట్‌లో జనం కిటకిటలాడుతుంటారు. కాయితం ఇచ్చేసి వరస తప్పుకుంటే చాలనిపిస్తుంది. తప్పుకోకండి. అర్జీ నంబరు వేసిన రసీదు చేతికొచ్చేదాకా అక్కడే ఉండండి, మీ అర్జీ జిరాక్స్ కాపీ మీద స్టాంపు వేయించుకోండి, ఆ రెండూ ఒకే కవర్లో దాచుకోండి. నెల తర్వాత సమాచార హక్కు దరఖాస్తులో రాయాల్సిన నంబరూ తేదీ అవే.