వెనకాల ఎవరున్నారే?

మన పదో తరగతి బ్యాచ్ కలుసుకునేటప్పుడు వేసే సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసి, "రెండు పేజీలకి మించకుండా రాసియ్యండి మేడం, అందరూ ఇచ్చేశారు, మీదొక్కటే బాకీ" అన్నారు. అందరూ ఇచ్చేశారన్నది ఒట్టి కోత. ఎందుకంటే నిన్న రాత్రే మన క్లాసు బెల్లంముక్క ఫోన్ చేసి, "నువ్వేం రాస్తున్నావే, అందులోంచి నాకో పేరా పడెయ్యి" అంది. హిందీ పరీక్షల నాటి నుంచీ దానిదదే వరస.

సున్నుండల గొడవ గురించి నేను రాయను. దానికి హక్కుదారు ఇప్పుడు కమిటీలోనే ఉన్నారు, ఆయనే రాసుకుంటారు. ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల గురించి రాద్దామన్నా నాకేమీ గుర్తు లేదు. లెక్కల మేడం చేతి గాజుల చప్పుడు తప్ప ఆ రెండేళ్ళూ ఎటు పోయాయో తెలీదు. నాకు గుర్తున్నదల్లా పదో తరగతి, అందులో డ్రిల్లు మాస్టారు. ఇంకో మనిషి, బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగత్తె ఫోర్మిగా గురించి కూడా చెప్పాలి గానీ ఆవిడ మన బడిలో చదవలేదు, మన కోనసీమ పేరు కూడా విని ఉండదు.

1996 ఆగస్టులో, అట్లాంటా ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్‌కి టెన్నిస్‌లో కంచు పతకం వచ్చిందని హెడ్మాస్టారు ప్రేయర్లో చెప్పి చప్పట్లు కొట్టించిన రోజు గుర్తుందా? ఆ చప్పట్లు ఆగీ ఆగకముందే డ్రిల్లు మాస్టారు మెట్టు దిగి ముందుకొచ్చి, "ఈ ఒలింపిక్స్‌లోనే మొట్టమొదటిసారి ఆడవాళ్ళ ఫుట్‌బాల్ పెట్టారు. ఎనిమిది దేశాలు ఆడాయి. మన ఆడపిల్లలు కూడా ఆడతారు" అని ప్రకటించేశారు. మనల్ని ఒక్క మాట అడగలేదు. మగపిల్లల వరసలోంచి ఎవడో ఈల వేశాడు. ఎవడో మనకి తెలుసు. వాడిప్పుడు ఇద్దరు ఆడపిల్లల తండ్రి, పెద్దదాన్ని బ్యాడ్మింటన్ కోచింగ్‌కి వాడే దింపి వస్తుంటాడు.

పదకొండు మందిని పోగెయ్యడానికి ఎనిమిదో తరగతి పిల్లల్ని కూడా బతిమాలాల్సొచ్చింది. గోల్ పోస్టులకి సరుగుడు కర్రలు. బంతి తోలుది, తడిస్తే ఇటుకే. బ్లాడరు పోయినప్పుడల్లా మాస్టారు దాన్ని సైకిలుకి తగిలించుకుని అమలాపురం పోయేవారు. మా మామ్మయితే, "ఆడపిల్ల కాలు గడప దాటడమే ఎక్కువ, మళ్ళీ దాంతో తన్నడం కూడానా" అని వారం రోజులు మాస్టారి మీద గొణిగింది. ఆయన సాయంత్రం మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, "ఆయ్, తన్నడం కాదండి మామ్మగారూ, అందించడం. మీ మనవరాలు బంతి ఎవరికీ తన్నదండి, అందిస్తదంతే" అని ఒప్పించి లేచారు.

అలా నేను గ్రౌండు మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌నయ్యాను. పరుగులో పొట్లకాయ నాకంటే చురుకు, తన్నులో బెల్లంముక్క బలం. నాకున్నదేమిటో మాస్టారికే తెలియాలి. మొదటి రోజు నన్ను గ్రౌండు మధ్యలో నిలబెట్టి, బంతి ముట్టుకోవద్దన్నారు. చుట్టూ అందరూ ఆడుతుంటే నేను దిష్టిబొమ్మలా నిలబడాలి. ఉన్నట్టుండి ఆయన గట్టు మీంచి, "వెనకాల ఎవరున్నారే?" అని అరిచేవారు. తిరిగి చూస్తే తప్పు. చూడకుండా చెప్పాలి. చెప్పాలంటే అరిచేలోపే చూసుకుని ఉండాలి. కుడి భుజం మీంచి ఓసారి, ఎడమ భుజం మీంచి ఓసారి, బంతి నా దగ్గరికి రాకముందే. "బంతి వైపు ఊరంతా చూస్తారు. నువ్వు ఖాళీ ఎక్కడుందో చూడు" అనేవారు. వెనక కాసే బ్యాక్ ముందుకెళ్ళిపోతే ఆ జాగాలో ఎవరు నిలబడాలి, గోల్‌కీపరు పైకి తన్నిన బంతి ఎవరి తలకో తగిలి కింద పడితే ఆ రెండో బంతి ఎవరిది, అవతలి వాళ్ళు అందించుకునే దారిలోకి ముందే వెళ్ళి ఎలా కాసుకోవాలి, ఇదీ ఆయన పాఠం. కాకినాడలో చదువుకునేటప్పుడు ఆయనా హాఫ్ బ్యాకేనట. ఆయన గోల్ కొట్టిన కథ ఒక్కటి కూడా మనం వినలేదు, గమనించారా?

ఆ ప్రశ్న గ్రౌండులో ఆగితే బాగుండేది. వరండాలో ఎదురుపడితే, "వెనకాల ఎవరున్నారే?" గంట కొట్టే చోట, కుళాయి దగ్గర, ఆఖరికి త్రైమాసిక పరీక్షలో ఇన్విజిలేషన్‌కి వచ్చి నా బల్ల పక్కన ఆగి కూడా మెల్లిగా అదే. వెనకాల బెల్లంముక్క నా జవాబు పత్రంలోకి మెడ చాచి ఉంది. చెప్పమంటారా, చెప్పొద్దంటారా?

నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి మనలో ఎవరికీ గుర్తు చెయ్యనక్కర్లేదు. ఎవరింట్లో ఎవరు పోయారో, ఎవరి తోటలో ఒక్క చెట్టూ మిగల్లేదో అందరికీ తెలుసు. ఆ ఏడు దీపావళి లేదు. బడి గదుల్లో జనం ఉన్నారు, వంటలు గ్రౌండులో. మళ్ళీ పాఠాలు మొదలయ్యేసరికి గ్రౌండు నిండా పడిపోయిన కొబ్బరిచెట్లు, వేళ్ళతో సహా లేచిపోయిన గోతులు. సరుగుడు కర్రలు ఏ పొలంలో తేలాయో. మాస్టారు పెద్ద మగపిల్లల్ని పట్టుకుని మానులు కోయించి, అందులోంచే నాలుగు ముక్కలు పాతించారు. గోతులు మాత్రం వెంటనే పూడ్చనివ్వలేదు. వాటి మధ్యలోంచి మాచేత బంతి అందించుకునే ఆట ఆడించారు. కాలు మడత పడిన వాళ్ళకి ఆవిరి కాపడం వాళ్ళావిడ పెట్టేవారు. ఇంట్లో పైకప్పు లేని పిల్లలు ఆ గంటసేపూ ఎలా నవ్వేవాళ్ళో నాకిప్పటికీ తెలీదు.

జనవరి 26న జెండా వందనం అయ్యాక కాలవ అవతలి ఊరి అమ్మాయిలతో మ్యాచ్. పొట్లకాయ కొట్టిన గోల్ అందరికీ గుర్తే, గ్రూపులో ఏటా ఆ రోజు ఎవరో ఒకరు ఎత్తుతారు. ఏటికేడు ఆ గోల్ దూరం కూడా పెరుగుతోంది, కిందటేడు సగం గ్రౌండు నుంచి అన్నారు. ఆ బంతి దానికి ఎవరిచ్చారని ఒక్కరైనా అడిగారా? పోనివ్వండి. మర్నాడు ప్రేయర్లో హెడ్మాస్టారు పొట్లకాయకి పెన్ను బహుమతిచ్చారు. మన మాస్టారు వరండాలో నన్నాపి, "సెకండాఫ్‌లో రెండో బంతికి రెండడుగులు ఆలస్యంగా వెళ్ళావు, ఎందుకు?" అన్నారు. ఆ ఆలస్యం చూసిన మనిషి లోకంలో ఆయనొక్కరే. నాకు ఆ పెన్ను కంటే అదే ఎక్కువగా అనిపించింది.

తరవాత ఇంటర్, డిగ్రీ, అవన్నీ మామూలే. 2000లో సిడ్నీలో మన మల్లీశ్వరి బరువులెత్తి కంచు పతకం తెచ్చాక, డ్రిల్లు టీచరు చదువు బీపీఎడ్ చేస్తానంటే నాన్న కాదనలేకపోయారు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, బదిలీలు.

2019 జూన్‌లో ఓ రాత్రి ఫోన్లో ఆడవాళ్ళ ప్రపంచ కప్ చూస్తున్నాను. బ్రెజిల్, జమైకా. క్రిస్టియానె మూడు గోల్స్ కొట్టింది, అందరూ ఆవిడ గురించే మాట్లాడుతున్నారు. నా కళ్ళు మాత్రం మధ్యలో ఉన్నావిడ మీద పడ్డాయి. బంతి వచ్చేలోపు కుడి భుజం మీంచి ఓ చూపు, ఎడమ భుజం మీంచి ఓ చూపు. మా ఆయన్ని నిద్ర లేపి మరీ చూపించాను. "ఏముంది అందులో?" అన్నారు పాపం.

ఆవిడే ఫోర్మిగా. అప్పటికి వయసు 41. ఆడవాళ్ళ ప్రపంచ కప్‌లో అంత వయసులో అంతకు ముందెవరూ ఆడలేదు. అది ఆవిడకి ఏడో ప్రపంచ కప్, మొదటిది 1995లో. 1995 నాటికి పుట్టనివాళ్ళు కూడా ఆ కప్‌లో ఆవిడ పక్కన అదే జెర్సీ వేసుకుని ఆడారు. ఇంకాస్త వెతికితే అసలు సంగతి బయటపడింది. అట్లాంటాలో ఆడిన ఎనిమిది దేశాల్లో బ్రెజిల్ ఒకటి, ఆ జట్టులో పద్దెనిమిదేళ్ళ ఫోర్మిగా ఉంది. డ్రిల్లు మాస్టారు ప్రేయర్లో చెప్పిన ఆటలోనే ఈవిడ ఆడిందన్నమాట! మనం రికార్డు పుస్తకాల్లో కప్ప పేగులు గీస్తున్న ఏడు ఆడినావిడ 2019లోనూ ఆడుతూనే ఉంది.

ఆవిడ 1978లో పుట్టేనాటికి బ్రెజిల్‌లో ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడకూడదని చట్టమే ఉండేది, 1941లో పెట్టి 1979లో గాని తియ్యలేదు. మా మామ్మ గొణుగుడే నయం. ఏతెన్స్, బీజింగ్ ఒలింపిక్స్ రెండింట్లోనూ ఫైనల్ దాకా వెళ్ళి, రెండుసార్లూ ఎక్స్‌ట్రా టైమ్‌లో అమెరికా చేతిలో ఓడి వెండితో తిరిగొచ్చారు. 2007 ప్రపంచ కప్ ఫైనల్లో జర్మనీ చేతిలో ఓటమి. 2016 తర్వాత దేశానికి ఆడటం చాలించి, కోచ్ అడిగితే మళ్ళీ వచ్చింది. నలభై దాటాక పారిస్‌లో క్లబ్బుకి ఆడుతూ 2021లో ఫ్రాన్స్ లీగ్ గెలిచింది. ఆ ఏడే టోక్యోలో ఏడో ఒలింపిక్స్. ఆడవాళ్ళ ఫుట్‌బాల్ పెట్టిన దగ్గర్నుంచి అప్పటిదాకా ఒక్క ఒలింపిక్స్ కూడా తప్పలేదు. ఆ జట్టులోని మార్తా పేరు మీ పిల్లలకి తెలిసే ఉంటుంది, గోల్స్ కొట్టేవాళ్ళకి ఆ సుఖం ఉంది. మార్తా ముందుకి ఉరికినన్నాళ్ళూ వెనకాల జాగా కాసింది ఈవిడ.

దేశానికి ఆవిడ ఆఖరి మ్యాచ్ ఎవరితోనో తెలుసా? మన ఇండియాతో. 2021 నవంబరులో, బ్రెజిల్‌లోని మనౌస్‌లో. మనకి అప్పుడు తెల్లవారింది. మా హాస్టల్ పిల్లల్ని టిఫిన్‌కి ముందే టీవీ ముందు కూర్చోబెట్టాను. మొదటి నిమిషంలోనే గోల్ తిన్నాం. ఎనిమిదో నిమిషంలో మనీషా కల్యాణ్ సమం చేసేసరికి ఉప్మా వడ్డించే ఆవిడ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. చివరికి 6-1. ఫోర్మిగాని సెకండాఫ్ చివర్లో ఆటలోకి దింపారు. "మేడం, గోల్ కూడా కొట్టలేదు కదా, ఎందుకావిడకంత ఇది?" అని ఓ పిల్ల అడిగింది. ఆ సాయంత్రమే ఆ పిల్లని గ్రౌండు మధ్యలో నిలబెట్టి, బంతి ముట్టుకోవద్దన్నాను. కొబ్బరిచెట్లెక్కి దింపు తీసేవాళ్ళ అమ్మాయి. కిందటేడు రాష్ట్ర జట్టుకి ఆడింది, ఏ స్థానమో మీరే ఊహించుకోండి. ఫోర్మిగా సరే, మన దేశానికి పదిహేనేళ్ళకే ఆడటం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళకి పైగా మధ్యలోనే నిలబడిన బెంబెం దేవి ఉందనీ, 2020లో ఆవిడకి పద్మశ్రీ ప్రకటించారనీ కూడా మా పిల్లలకి నేనే చెప్పాలి.

ఆ ఉదయం మ్యాచ్ అవగానే మాస్టారికి ఫోన్ చేశాను. అట్లాంటా, ఏడు ఒలింపిక్స్, అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన అంతా విని, "మరి ఆరు గోల్స్ పడుతుంటే మన మిడ్‌ఫీల్డ్ ఏం చేస్తోందే?" అన్నారు.

కమిటీ వారికి మనవి. సంక్రాంతికి కలిసినప్పుడు అంత్యాక్షరీ, తంబోలా పెడుతున్నారని విన్నాను. పెట్టుకోండి. ఉదయం ఎండెక్కకముందు మాత్రం ఆడవాళ్ళ మ్యాచ్ ఒకటి పెట్టండి, మాస్టారిని కార్లో తీసుకొచ్చే పూచీ నాది. మోకాళ్ళు బాగోని వాళ్ళు ముందే చెబితే బ్యాకులుగా వేస్తాం. పొట్లకాయ ముందు ఉంటుంది, బెల్లంముక్క ఎక్కడున్నా ఒకటే. సెంటర్ హాఫ్ గురించి మాత్రం ఎవరూ అడక్కండి.