ఫ్లాష్ గార్డన్ రాకెట్టు: 60లో 41 అయ్యాయి

నేను ఇంట్లో గీస్తున్న రాకెట్టు యానిమేషన్‌కి ఈ ఆదివారానికి 41 బొమ్మలయ్యాయి. ఇంకా 19.

అలెక్స్ రేమండ్ 1934లో మొదలుపెట్టిన ఫ్లాష్ గార్డన్ కామిక్‌ని 1979లో ఫిల్మేషన్ స్టూడియో వాళ్లు అమెరికా టీవీ ఛానల్ ఎన్‌బీసీ కోసం యానిమేషన్ సీరియల్‌గా తీశారు. అందులో మనుషుల నడకలు మళ్లీ మళ్లీ అవే వస్తాయి గానీ, రాకెట్టు మలుపు తిరిగితే మాత్రం దాని బరువు మనకి తెలుస్తుంది. తెల్లటి మోడల్ అంచుల వెంట నల్లగీతలు గీసి, కెమెరాతో తీసి, ఆ గీతల్ని సెల్ (యానిమేషన్ బొమ్మలు వేసే పారదర్శక షీటు) మీదకి ఎక్కించారు మరి. బెంగళూరులో మా భోజనాల బల్ల మీద నేను చేస్తున్నదీ అదే. సెకనుకి 12 బొమ్మల చొప్పున 5 సెకన్లు.

రాకెట్టు ఒళ్లు పీవీసీ పైపు, ముక్కు ఎం-సీల్, రెక్కలు పాత శుభలేఖల అట్ట. మొదట మెరిసే రంగు కొట్టాను. కిటికీ వెలుతురు పడి గీతలు కనిపించలేదు. మ్యాట్ తెలుపే కొట్టండి. పైపు చుట్టూ గీత తిన్నగా రావాలంటే కాగితం పట్టీ చుట్టి దాని అంచు వెంట పెన్ను నడపాలి.

ఫోటోల్లో వెలుతురు మారకుండా ఫోన్ ఎక్స్‌పోజర్ లాక్ చేసి, స్టీలు స్కేలు వెంట రాకెట్టుని ఫోటోకి 5 మి.మీ. చొప్పున కెమెరా వైపు జరిపాను. దగ్గరికొచ్చేకొద్దీ అదే 5 మి.మీ. పెద్ద దూకుడులా కనిపించింది. చివరి 15 ఫోటోలకి 2 మి.మీ.కి తగ్గించాక కుదిరింది.

ఎస్.పి. రోడ్డులో కొన్న ఎల్‌ఈడీ పట్టీ మీద ఫోటోఫ్రేము గాజు పెడితే లైట్ బాక్స్ తయారు. ఫోటో ప్రింటుకీ, దాని మీద పెట్టే ట్రేసింగ్ పేపరుకీ ఆఫీసు పంచింగ్ మెషిన్‌తో చిల్లులు పెట్టి, చెక్క పుల్లలకి తగిలించి గీశాను. 23 అయ్యాక ఆడించి చూపిస్తే మా అమ్మాయి, "నాన్నా, రాకెట్టు ఎగరట్లేదు, వణుకుతోంది" అంది. నిజమే. ప్రింటరు ఒక్కో కాగితాన్ని ఒక్కో వాలుగా లాగుతోంది, నేనేమో కాగితం అంచుని నమ్మి చిల్లులు పెట్టాను. ఇప్పుడు ప్రతి ఫోటోకీ రెండు మూలల్లో కూడిక గుర్తు వేసి ప్రింటు తీసి, మొదటి ప్రింటు గుర్తులతో కలిపాకే చిల్లులు పెడుతున్నాను. ఆ 23నీ మళ్లీ గీశాను. వణుకు పోయింది. ముక్కు కెమెరా వైపు తిరిగే ఆ అరసెకను ఎన్నిసార్లు చూసుకున్నానో!

వచ్చేవారం మిగతా 19. తర్వాత తోక మంట. దానికి మోడల్ లేదు, చేత్తోనే గీయాలి.