కుర్రవాణ్ణి కూతకు ఎప్పుడు పంపాలి

2018 జనవరి 1 తెల్లవారుజామున, హనుమకొండలో పటాకుల చప్పుడు సద్దుమణిగాక, మూడు గంటల వేళ నేను టీవీ ముందు కూర్చున్నది కాన్సాస్ సిటీ చీఫ్స్ డెన్వర్‌లో ఆడుతున్న అమెరికన్ ఫుట్‌బాల్ చూడడానికి. ఆ నగరంలో చదువుకుంటున్న మా అన్న కొడుకు వల్లనే నాకు ఈ ఆట అలవాటైంది. చీఫ్స్‌కు సీజన్ చివరి నాకౌట్ పోటీలైన ప్లేఆఫ్స్‌లో చోటు అప్పటికే ఖాయమైంది కనుక కోచ్ ఆండీ రీడ్ బంతి విసిరి ఆట నడిపించే సీనియర్ క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్‌కు విశ్రాంతినిచ్చి, ఆ సీజనంతా బెంచీ మీదనే ఉన్న 22 ఏళ్ల ప్యాట్రిక్ మహోమ్స్‌ను దించాడు. జట్టు 24-10 ఆధిక్యంలో ఉన్నప్పుడు ఆ కుర్రవాణ్ణి పక్కకు పిలిచారు. అతని స్థానంలో వచ్చినవాడి దగ్గర బంతి జారిపోవడంతో ఆట తిరగబడి, స్కోరు 24-24 అయింది. మళ్లీ మహోమ్స్‌నే పంపారు. అతడు జట్టును ముందుకు నడిపించగా, ఆఖరి క్షణంలో బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని కొట్టిన ఫీల్డ్ గోల్‌తో చీఫ్స్ గెలిచారు.

ఆ నెల తిరగకముందే స్మిత్‌ను వాషింగ్టన్ జట్టుకు ఇచ్చివేయడానికి ఒప్పందం కుదిరిందన్న వార్త వచ్చింది. మావాడు ఫోన్ చేసి, "స్మిత్ ఏం తప్పు చేసిండు కాకా?" అని అడిగాడు. తప్పేమీ లేదు. ఆ సీజన్‌లో ఆయన 26 టచ్‌డౌన్ పాసులు, అంటే అవతలి గీత దాటి పాయింట్లు తెచ్చే పాసులు, విసిరాడు, ప్రత్యర్థుల చేతికి చిక్కినవి 5 మాత్రమే. బంతి విసరడంలో నేర్పును కొలిచే పాసర్ రేటింగ్‌లో లీగ్ మొత్తానికి ఆయనే మొదటివాడు. తన స్థానం కోసమే తెచ్చిన కుర్రవాడికి ఏడాదంతా దగ్గరుండి నేర్పినవాడు కూడా ఆయనే. ఆ సంగతి మహోమ్స్ ఎన్నోసార్లు బహిరంగంగా చెప్పాడు. ఆ రోజు నాకు ఆ నిర్ణయం అన్యాయంగానే తోచింది.

ఇప్పుడు అలా తోచడం లేదు. మరుసటి సీజన్‌లో మహోమ్స్ 50 టచ్‌డౌన్ పాసులు విసిరి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు (ఎంవీపీ) అయ్యాడనో, 2020 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిపించాడనో నేను ఈ మాట అనడం లేదు, ఎందుకంటే ఫలితం తెలిసిన తరువాత ఎవరైనా మెచ్చుకోగలరు. రీడ్ ఆ కుర్రవాణ్ణి ఎలాంటి జట్టులోకి పంపాడన్నది నాకు ముఖ్యం. ట్రావిస్ కెల్సీ, టైరీక్ హిల్ వంటి బంతి అందుకునేవాళ్లు ఉన్నారు, గెలవడం అలవాటైన జట్టు ఉంది, ఒక ఏడాది చూసి నేర్చుకున్న అనుభవం ఉంది.

ఇవేవీ లేనివాడి గతి ఏమవుతుందో డేవిడ్ కార్‌ను చూస్తే తెలుస్తుంది. 2002లో కొత్తగా ఏర్పడిన హ్యూస్టన్ జట్టు, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఆటగాడిగా అతన్ని ఎంచుకుని, మొదటి రోజు నుంచే ఆడించింది. ఎదురుగా దూసుకువచ్చేవాళ్లను ఆపవలసిన ఐదుగురి వరుస బలహీనం కావడంతో ఆ ఒక్క సీజన్‌లోనే ప్రత్యర్థులు అతన్ని బంతితో సహా 76 సార్లు పడగొట్టారు. అలా పడినవాడు ఆ తరువాత బంతి పట్టుకున్నప్పుడల్లా ముందు ఎవరు ఖాళీగా ఉన్నారని చూడడు, పక్కనుంచి ఎవరు వస్తున్నారని చూస్తాడు. పేటన్ మ్యానింగ్ మొదటి ఏడాది, 1998లో, 28 పాసులు ప్రత్యర్థులకు అప్పగించి, 16 ఆటలలో 13 ఓడి కూడా నిలదొక్కుకున్నాడు కదా అని కొందరు అంటారు. నిజమే, కానీ కార్ పడినన్ని దెబ్బలు ఆయన పడలేదు. తప్పు చేసి నేర్చుకునే వ్యవధి ఆయనకు దొరికింది.

జట్లు తొందరపడడానికి డబ్బు కూడా ఒక కారణం. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తరువాత కొత్త ఆటగాళ్ల జీతాలకు హద్దు ఏర్పడింది కనుక, కుర్రవాడు చవకగా దొరికే ఆ నాలుగైదేళ్లలో ఒక్క ఏడాది బెంచీ మీద గడిచినా యాజమాన్యానికి నష్టంగానే కనిపిస్తుంది.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి మా ఊరి బరి కారణం. సంక్రాంతి కబడ్డీ పోటీలలో నేను జట్టు నాయకుడిగా ఉన్న ఏడాది మా పెద్ద రైడర్ మోకాలు పట్టేసింది. బరిలో మావాళ్లు ఇద్దరే మిగిలారు, అవతల ఏడుగురూ ఉన్నారు. అప్పుడు నేను పదిహేడేళ్ల కుర్రవాణ్ణి కూతకు పంపాను. అతడు కుడికాలు బోనస్ గీత వైపు చాచగానే మూలలో ఉన్నవాడు చీలమండ పట్టాడు, మిగిలినవాళ్లు మీద పడ్డారు. కింద నుంచి వినిపిస్తున్న కూత ఒక్కసారిగా తెగిపోయింది. లేచినప్పుడు అతని పెదవికి మట్టి అంటుకుని ఉంది. నా వైపు చూడలేదు. మరుసటి ఏడాది వచ్చాడు కానీ పట్టుకే నిలబడ్డాడు. కూతకు పొమ్మంటే, "వద్దన్నా, నేను ఇక్కడనే ఉంట" అన్నాడు. ఎన్ని సంక్రాంతులు గడిచినా అతడు గీత దాటలేదు. అతని కాళ్లలో ఉన్న వేగం మా ఊళ్లో ఇంకెవరికీ లేదు.

ఈ సంక్రాంతికి కూడా అదే ప్రశ్న వచ్చింది. పాత రైడర్ ఇంకా బాగానే ఆడుతున్నాడు, ఒక కొత్త పిల్లవాడు పక్కన ఎదురుచూస్తున్నాడు. ఇప్పటి నాయకుడు నన్ను సలహా అడిగాడు. పాత రైడర్ బాగున్నప్పుడే, మనవాళ్లు ఏడుగురూ బరిలో ఉండి, పది పాయింట్లు ముందున్నప్పుడు పిల్లవాణ్ణి పంపమని, వరుసగా మూడుసార్లు దొరికిపోయినా నాలుగోసారి కూడా అతన్నే పంపమని చెప్పాను.