ఇది ఏ ఊరి సీజన్?

డిసెంబర్లో మా అమ్మాయి స్ట్రాబెర్రీలు అడిగితే కొనలేదు. "ఇప్పుడు సీజన్ కాదమ్మా, జూన్‌లో తోటకెళ్లి మనమే కోసుకుందాం" అన్నాను. అప్పటికి ఊరుకుంది. మేలో ఇండియన్ స్టోర్ నుంచి బంగినపల్లి పెట్టె మోసుకొచ్చి మూత తీస్తుంటే, మా తొమ్మిదేళ్లది పక్కకొచ్చి నిలబడింది.

"నాన్నా, మరి ఇది ఏ ఊరి సీజన్?"

"మన ఊరిదే."

"మన ఊరు ఎడిసన్ కదా!"

మేముండేది అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినబడింది. నేను పండు కోయడంలో మునిగిపోయినట్టు నటించాను. ఇండియా మామిడిపండ్లు అమెరికాకి 2007 నుంచి మళ్లీ వస్తున్నాయి. పురుగు వెంటరాకుండా వాటికి రేడియేషన్ పట్టించి విమానం ఎక్కిస్తారు. ఫ్లోరిడా నుంచి లారీలో వచ్చిన స్ట్రాబెర్రీ తప్పయితే, సముద్రాలు దాటొచ్చిన బంగినపల్లి ఒప్పెలా అవుతుంది? నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ పూట మూడు పండ్లు నేనే తిన్నాను.

అయినా చిన్న రైతుల దగ్గర కొనే అలవాటు మానమని ఎవరికీ చెప్పను. రైతు పంటలో వాటా కొనే సీఎస్ఏలో చేరాలనుకునే మనవాళ్లు ముందు డబ్బు సంగతి తెలుసుకోవాలి. సీఎస్ఏ అంటే పంట వేయకముందే, చలికాలంలోనే రైతుకి డబ్బు కట్టేయడం. జూన్ నుంచి ఓ 20 వారాలకు పైగా వారానికో పెట్టె వస్తుంది. వాన ఎక్కువై టమాటా కుళ్లితే ఆ నష్టంలో మనకూ వాటా. మొదటి ఏడాది సగం వాటాతో ఆగండి. పప్పు, పెరుగు, పచ్చడి ఉన్న ఇంట్లో నలుగురికి అది చాలు. మేం పూర్తి వాటా కట్టి, జూన్ నెలంతా ఆకుల కింద పాలడబ్బా వెతుక్కున్నాం.

జూన్‌లో పెట్టె నిండా ఆకులే: కేల్, చార్డ్, లెట్యూస్, ముల్లంగి. ఇంటికి రాగానే ముల్లంగికి, బీట్‌రూట్‌కి ఆకులు కోసి విడదీయాలి. అలాగే వదిలేస్తే ఆకులు దుంపలో నీరు లాగేసి, మూడోరోజుకి దుంప మెత్తబడుతుంది. ఆకుల్ని నీళ్లలో ముంచి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పొడి గుడ్డలో చుట్టి సంచిలో పెడితే వారం నిలుస్తాయి. తడితో పెడితే రెండ్రోజుల్లో జిగురు. చార్డ్ పప్పులోకి పాలకూరలా సరిపోతుంది, కాడలు మాత్రం ముందు వేయాలి. ముల్లంగి ఆకుకి పెసరపప్పు జోడు. జూన్‌లో వచ్చే వెల్లుల్లి కాడల్ని చూసి భయపడక్కర్లేదు. మొగ్గ పైభాగం పీచు, అది తీసేసి, మిగతాది వేలెడంత ముక్కలు కోసి ఉల్లికారంతో వేయించండి. నూల్‌కోల్ తొక్క మందంగా, లోపలి పీచు కూడా పోయేలా తీసి ఆవపెట్టి వండితే బాగుంటుంది. పిల్ల ముట్టదు. "వాసన చూశాను, చాలు" అంటుంది. తినితీరాలని కూర్చోబెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు రెండు ముక్కలు కంచంలో వేసి, చూడనట్టు ఊరుకుంటున్నాను. ఏది పద్ధతో తెలీదు.

శనివారం సంతలో బల్ల మీద అరటిపండ్లు, నిమ్మకాయలు కూడా ఉన్నాయంటే ఆయన పండించేవాడు కాదు, టోకున తెచ్చి అమ్మేవాడు. జూన్ మొదట్లో టమాటా ఉంటే గ్రీన్‌హౌస్‌దో, బయటి రాష్ట్రానిదో. జెర్సీ పొలం టమాటా జూలైలోగానీ రాదు. "మీరే పండించారా?" అని మొహమాటపడకుండా అడగండి. పండించినవాడైతే రకం పేరు, కోసిన రోజు కూడా చెబుతాడు. ఆ టమాటాని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. 12 సెల్సియస్ డిగ్రీల కిందకి వెళ్తే వాసననిచ్చే గుణం చచ్చిపోతుంది. మొక్కజొన్నకి ఇది తిరగబడుతుంది: కోసిన క్షణం నుంచి తీపి పిండిగా మారుతూ పోతుంది కాబట్టి పొట్టుతోనే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి ఆ రోజే ఉడికించాలి. బ్లూబెర్రీ మీది తెల్లటి పూత దానికి రక్ష, తినేముందే కడగాలి.

ఆగస్టులో పగిలిన, దెబ్బతిన్న టమాటాలు పెట్టె లెక్కన చవగ్గా ఇస్తారు. అవి చారుకీ, రోటిపచ్చడికీ. నిల్వ పచ్చడికి గట్టి, గుజ్జు రకాలే కావాలి, పగుళ్లు ఉండకూడదు. కిలో ముక్కలకి 100 గ్రాముల ఉప్పు, కాస్త పసుపు కలిపి రెండ్రోజులు ఊరనిచ్చి పిండాలి. ఆ ఊటలో 100 గ్రాముల చింతపండు నానబెట్టుకోవాలి. ముక్కల్ని ఎండబెట్టే దగ్గర మనవాళ్లంతా దెబ్బతింటారు. జెర్సీ ఆగస్టు ఎండలో తేమ ఎక్కువ, డాబా మీద ఎండినట్టు ఎండవు, మూడోరోజుకి బూజు. ఓవెన్ 90 సెల్సియస్ డిగ్రీల్లో, తలుపు వేలెడంత తెరిచి, ఐదారు గంటలు, మధ్యలో తిప్పుతూ ఉంచితే ముక్క వంగుతుంది గానీ తడి అంటదు. అప్పుడు ఊటతో కలిపి రుబ్బి, 100 గ్రాముల కారం, రెండు చెంచాల మెంతిపిండి వేసి, ఇంగువ పోపు పెట్టాలి. ఫ్రిజ్‌లోనే ఉంచండి.

గోంగూర మాత్రం తొట్టిలో మేమే వేస్తాం. మే నడుమ, మంచు భయం పోయాక విత్తితే జూలైకి కోతకొస్తుంది. చివుళ్లు తుంచుతూ ఉంటే గుబురెక్కుతుంది. అక్టోబర్‌లో మొదటి మంచుకి ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది, కాబట్టి ముందురోజే మొత్తం దూసి వేయించి దాచుకోవాలి. అదే రోజు పచ్చి టమాటాలు కూడా కోసేయాలి. వాటి పచ్చడికి నువ్వులు కావాలి, చింతపండు అక్కర్లేదు.

ఇంత తెలిసినవాణ్ణి, జూన్‌లో స్ట్రాబెర్రీ తోటలో పిల్ల నాకు పాఠం చెప్పింది. నేను బుట్టలో వేసిన పండు తీసి చూపించి, "దీని భుజాలు తెల్లగా ఉన్నాయి నాన్నా, కోశాక ఇది ఇంక పండదు" అంది. నిజమే, మామిడిలా ముగ్గేది కాదది. నేను దాన్ని మాగబెట్టే మామిడికాయలా చూస్తున్నాను. సాగు బ్లూబెర్రీ ఈ నేలదే: న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో సాగుదారు ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ అడవి పొదల్లోంచి రకాలు ఎంచి పెంచి, 1916లో తొలి పంట అమ్మారు. బంగినపల్లికి బంగినపల్లె ఎలాగో దానికిది అలాగ. పిల్లకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. జూన్ అంటే స్ట్రాబెర్రీ, జూలై అంటే బ్లూబెర్రీ, సెప్టెంబర్ అంటే ఆపిల్. నాకు మాత్రం ఎండాకాలం అంటే ఇంకా ఒకటే పండు.

వచ్చే మేలో పెట్టె కొంటాను, అందులో అనుమానం లేదు. డిసెంబర్లో స్ట్రాబెర్రీ అడిగితే ఏం చెప్పాలన్నదే తేలలేదు. అడగకపోవచ్చు కూడా. మొన్న స్టోర్‌లో ఆ డబ్బాల ముందు ఆగి, నావైపు ఓసారి చూసి, ముందుకు నడిచింది. నా మాట ఎక్కిందనుకోవాలో, నా దగ్గర అడగడం మానేసిందనుకోవాలో.