శుక్రవారంలోగా నాలుగు పేజీలు

పొద్దున్న ఐదింటికే ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. థీసిస్ ప్రపోజల్ శుక్రవారంలోగా పంపాలి. నాలుగు పేజీలే. అసలు కథలు రాయడానికి ఏడాది టైముంది గానీ, వాటిలో ఏముంటుందో, ఎందుకుంటుందో, ఏ నెలకి ఎన్ని పేజీలవుతాయో ఇప్పుడే చెప్పాలట. పుట్టని పిల్లకి టెన్త్ మార్కులు అడిగినట్టుంది.

క్రియేటివ్ రైటింగ్‌లో పీజీ అంటే ఎదురింటి మామ్మగారు "చేతిరాత కోర్సా అమ్మా?" అన్నారు. అమెరికాలో అయోవా యూనివర్సిటీలో 1936 నుంచే దీనికి ప్రత్యేకంగా చదువుందని నాన్నకి గొప్పగా చెప్పాను. "మరి అంతకుముందు రాసినోళ్లకి ఎవరు నేర్పారే?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

రీడింగ్ లిస్టులో ఇరవై ఐదు పుస్తకాలు పెట్టాను. అన్నీ ఇంగ్లీషువే. "మీ వైపు కథలు ఒక్కటీ లేవేం?" అని మా గైడ్ మెయిల్ పెట్టారు. సిగ్గేసింది. కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో తెలుగు కథల కోసమే తెరిచిన లైబ్రరీ కథానిలయం మా ఇంటి నుంచి స్కూటీ మీద పది నిమిషాలు. శ్రీకాకుళంలో పుట్టి పెరిగి అక్కడికి వెళ్లింది రెండుసార్లే.

ఇవాళ మూడోసారి. ఒక పాత పత్రిక విషయసూచికలో ఎవరో నాలుగు కథల పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టారు. ఆ నాలుగే చదివి పేర్లు రాసుకున్నాను. ఇదేం పరిశోధన అని గైడ్ అడిగితే అప్పుడు చూద్దాం.

మధ్యాహ్నం కవిటి పెద్దమ్మకి ఫోన్ చేశాను. నా కథలన్నీ 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను తర్వాతి ఉద్దానంలో జరుగుతాయి. ఎన్ని చెట్లు పోయాయని అడిగితే, లెక్క రాయడానికి వచ్చినాయనతో పడ్డ గొడవ చెప్పింది. బావి దగ్గర కొబ్బరిచెట్టు నిలబడే ఉంది, మొవ్వు మాత్రం విరిగిపోయింది. "నిలబడే ఉంది కదమ్మా, పడిపోయినట్టు ఎలా రాస్తాను?" అన్నాడట ఆయన. "మొవ్వు ఇరిగిపోయాక అదింకేటి చెట్టు బాబూ? కర్ర" అందట పెద్దమ్మ. కొబ్బరికి పెరిగే చోటు ఆ మొవ్వొక్కటే, పక్క నుంచి కొమ్మ వెయ్యదు. తర్వాత మూడేళ్లు ఆ మోడుకే గేదెను కట్టిందట.

ఫోన్ పెట్టేసి నా మొదటి పేరా చూసుకున్నాను. "విపత్తుకీ జ్ఞాపకానికీ మధ్య సంబంధాన్ని అన్వేషించే కథలు" అన్న అర్థం వచ్చేలా రాశాను. ఆ అన్వేషించడం నాలుగు పేజీల్లో ఐదు చోట్ల ఉంది. మొత్తం కొట్టేసి, ఆ చోట పెద్దమ్మా ఆయనా మాట్లాడుకున్నది ఇంగ్లీషులో ఆరు లైన్లు రాశాను. మొవ్వు దగ్గర ఆగిపోయాను. డిక్షనరీలో దొరికిన ఏ మాట పెట్టినా పెద్దమ్మ నోట్లోంచి వచ్చినట్టు లేదు. చివరికి మొవ్వునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వదిలేశాను. ఇటాలిక్స్ చెయ్యలేదు, అర్థమూ ఇవ్వలేదు.

నెలవారీ షెడ్యూలు గడి ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచింది, మూడోసారి పిలవదు.

ఇంతకీ ఆయన పుస్తకంలో చివరికి ఏమని రాసుకున్నాడో అడగడం మర్చిపోయాను. రేపు పొద్దున్నే చెయ్యాలి, పెద్దమ్మ ఎనిమిదికే పడుకుండిపోతుంది.