రెండున్నర మార్కులు తెచ్చిన ట్రిటియం ప్రశ్న

గ్రూప్-1 మెయిన్స్‌కి సైన్స్ అండ్ టెక్నాలజీ చదువుతున్నవాళ్ల కోసం, అందులోనూ తెలుగు మీడియంలో రాసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక స్టడీ హాల్లో రెండేళ్లు కూర్చుని చదివాను. అక్కడ రాసిన ఒక టెస్ట్‌లో పది మార్కుల ప్రశ్న వచ్చింది: కరెంటు లేకుండా తమంతట తామే వెలిగే దీపాల్లో వాడే రేడియోధార్మిక పదార్థాల ఎగుమతిని ఎందుకు నియంత్రిస్తారు, మన దేశంలో అనుమతి ఎవరిస్తారు అని. నాకు రెండున్నర వచ్చాయి. పేజీన్నర రాశాను, చేతిరాత బాగుంది, అయినా రెండున్నరే. మిగతావి ఎక్కడ పోయాయో చెప్తాను, అక్కడ మీకూ పోకూడదని.

మొదటి తప్పు, జవాబంతా రేడియం గురించి రాయడం. మా నాన్న లారీ డ్రైవర్. చిన్నప్పుడు ఆయనతో ఆటోనగర్ వెళ్తే లారీ వెనక రేడియం స్టిక్కర్ వేయించేవారు, షాపతను ఎర్రవి, పసుపువి బ్లేడుతో గీసి, వెనక కాగితం ఒలిచి, గుడ్డతో గట్టిగా రుద్ది అంటించేవాడు. రాత్రి వెనక బండి హెడ్‌లైట్ పడగానే భగ్గుమని మెరిసేది. మన ఊళ్లలో రేడియం అంటే అదే కదా, అందుకే వెలిగేదంతా రేడియమే అనుకుని రాసేశాను. కానీ ఆ స్టిక్కర్‌లో రేడియం చుక్క కూడా లేదు, పడిన వెలుతురును తిప్పి కొడుతుందంతే. పగలు వెలుతురు పీల్చుకుని చీకట్లో కాసేపు మెరిసి ఆరిపోయే గడియారం ముళ్లు ఇంకో రకం. ప్రశ్న అడిగింది మూడో రకం గురించి. లోపల రేడియోధార్మిక పదార్థం ఉండి, దాని కణాలు ఫాస్ఫర్ పూతకి, అంటే కణాలు తగిలితే వెలిగే పదార్థపు పూతకి, తగిలి ఏళ్ల తరబడి వెలుగునిచ్చేది. ఒకప్పుడు దీనికి నిజంగానే రేడియం వాడారు. అమెరికాలో డయల్స్‌కి రంగు వేసే అమ్మాయిలు కుంచె మొనని పెదాలతో సన్నబరుచుకుని, ఆ రేడియం ఒంట్లోకి పోయి దవడ ఎముకలు పుచ్చిపోయి చనిపోయారు, 1920ల్లో. ఆ భాగం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు ఎక్కువగా వాడేది ట్రిటియం, హైడ్రోజన్‌లోనే బరువైన, రేడియోధార్మిక రకం (ఐసోటోపు), అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 12.3 ఏళ్లు. దాని బీటా కణాలు చాలా బలహీనం, గాజుని దాటలేవు.

ఇది నాకు ఎక్కింది పుస్తకంలో కాదు. మా బావగారు దుబాయ్ నుంచి వచ్చినప్పుడు ఆయన చేతి వాచీ అడిగి తీసుకుని చూశాను. డయల్ మీద ప్రతి గంట గుర్తు దగ్గరా బియ్యపు గింజలో సగం ఉండే సన్నటి గాజు గొట్టం, లైటు తీసేస్తే పచ్చగా నిలకడగా వెలుగు, అరగంట తర్వాత చూసినా అంతే. డయల్ అడుగున ఇంగ్లీషు టి అక్షరం పక్కన 25 అని ఉంది. ట్రిటియం 25 మిల్లీక్యూరీలకి మించదని దాని అర్థం. క్యూరీ అంటే రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం, మిల్లీక్యూరీ అందులో వెయ్యో వంతు.

ఇక అసలు విషయం. గడియారంలో వెలిగే గ్యాసుకి ఎగుమతి నియంత్రణ ఎందుకంటే, అదే ట్రిటియం అణుబాంబు శక్తిని పెంచడానికీ పనికొస్తుంది. పైగా అది ఏడాదికి ఐదున్నర శాతం తరిగిపోతుంది కాబట్టి బాంబులున్నవాళ్లకి మళ్లీ మళ్లీ కావాలి. ఈ కారణం రాయకుండా "ఆరోగ్యానికి హానికరం" అని మాత్రమే రాస్తే మార్కులు రావు, నేను అదే రాశాను. అణు సామగ్రి ఎగుమతికి నియమాలు పెట్టుకున్న దేశాల కూటమి అణు సరఫరాదారుల బృందం, అంటే ఎన్‌ఎస్‌జీ. దాని ద్వంద్వ వినియోగ వస్తువుల జాబితాలో, అంటే మామూలు పనులకీ ఆయుధాలకీ పనికొచ్చే వస్తువుల జాబితాలో, ట్రిటియం ఉంది. అయితే 40 క్యూరీలకి, అదే ఇంకో ప్రమాణంలో చెప్తే 1480 గిగాబెక్వెరల్స్‌కి, తక్కువ ట్రిటియం ఉన్న పరికరానికి మినహాయింపు ఉంది. 40 క్యూరీలంటే బరువులో దాదాపు 4 మిల్లీగ్రాములే. కరెంటు పోయినా వెలిగే ఎగ్జిట్ బోర్డుల్లో పాతిక క్యూరీల దాకా ఉండొచ్చు, కాబట్టి విడిగా ఒక్కో బోర్డు ఆ గీత లోపలే ఉంటుంది. మా బావగారి వాచీలాంటివి 1600 కలిపితే గానీ 40 క్యూరీలు కావు. రేడియం-226కి మాత్రం ఆ గీత 0.37 గిగాబెక్వెరల్సే, నాలుగు వేల రెట్లు కింద. బెరీలియంతో కలిస్తే అది న్యూట్రాన్లు పుట్టిస్తుంది, అందుకని.

రెండో తప్పు అనుమతి దగ్గర. డీజీఎఫ్‌టీ, అంటే విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్, అని రాశాను. ఎగుమతికి అనుమతి కావాల్సిన వస్తువులకి మన దేశం పెట్టుకున్న స్కోమెట్ జాబితాలో చాలా కేటగిరీలకి లైసెన్సు ఇచ్చేది డీజీఎఫ్‌టీనే, నిజమే, కానీ ట్రిటియంతో సహా అణు పదార్థాలుండే సున్నా కేటగిరీకి ఇచ్చేది అణుశక్తి విభాగం, డీఏఈ. ఆరో కేటగిరీ సైనిక సామగ్రి, అది రక్షణ ఉత్పత్తుల విభాగం చూస్తుంది. ఈ మూడూ కలిపి గుర్తుపెట్టుకోండి, ఒకదాన్నే చదివితే పరీక్షలో తారుమారవుతుంది. మనం ఎన్‌ఎస్‌జీలో సభ్యులం కాదు, అయినా 2008 నుంచి దాని మార్గదర్శకాలకు కట్టుబడి ఉన్నాం. ఇలాంటివే ఇంకో రెండు ఎగుమతి నియంత్రణ కూటములున్నాయి: ఆయుధాలు, ద్వంద్వ వినియోగ వస్తువుల కోసం వాసెనార్, రసాయన, జీవ ఆయుధాలకి పనికొచ్చే వాటి కోసం ఆస్ట్రేలియా గ్రూపు. వాసెనార్‌లో 2017లో, ఆస్ట్రేలియా గ్రూపులో 2018లో చేరాం. 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం కూడా జవాబులో రావాలి, ఎందుకంటే జాబితాలో లేని వస్తువైనా అలాంటి ఆయుధానికి వెళ్తోందని తెలిసి పంపితే అది నేరం. మినహాయింపు ఉంది కదా అని ఇష్టమొచ్చినట్టు పంపొచ్చని రాయకండి. ఎగుమతి జాబితా వేరు, రేడియేషన్ భద్రత వేరు, రెండోది చూసేది ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ బోర్డు.

రాసేటప్పుడు ముందు పటం వేయండి, రెండు నిమిషాలు చాలు. ఒక గాజు గొట్టం, లోపలి గోడకి ఫాస్ఫర్ పూత, మధ్యలో ట్రిటియం, పూత దగ్గర ఆగిపోయే బీటా బాణం, బయటికి వెలుగు బాణం. దాని పక్కనే 12.3 ఏళ్లు, 40 క్యూరీలు, డీఏఈ అని రాసి, ఆ తర్వాతే పేరా మొదలుపెట్టండి.